ఇళ్లకు రంగు గుర్తులు పడిన వేసవి

ఆ ఏడు ఈస్టర్ వెళ్లిన మూడో వారంలో నేల మొదటిసారి కదిలింది. అప్పుడు నేను బస్సులో మైకు పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఎంబొరియోస్ ఊరి కింద మలుపు దగ్గర బస్సు ఆపడం మా అలవాటు. అక్కడినుంచి చూస్తే అగ్నిపర్వతం కడుపంతా కనిపిస్తుంది. చుట్టూ కొండలు, మధ్యలో మైదానం, మైదానం చివర తెల్లగా పసుపుగా మానని పుండులా స్తెఫానోస్ బిలం. నా భర్త నికీతాస్ ఇంజను ఆపేవాడు. నేను మొదలుపెట్టేదాన్ని. సముద్రదేవుడు పోసీడాన్ ఒక రాక్షసుణ్ణి తరుముకుంటూ వచ్చి, కోస్ ద్వీపం అంచు విరిచి వాడి మీద విసిరాడనీ, ఆ ముక్కే మా నీసిరోస్ అనీ, రాక్షసుడు చావలేదనీ, ఇప్పటికీ మన కాళ్లకింద నలుగుతూ మూలుగుతుంటాడనీ. ఇది ఇంగ్లీషులో చెప్పేదాన్ని, ఇటాలియనులో చెప్పేదాన్ని, జర్మనులో సగం మాటలతో, సగం చేతులతో చెప్పేదాన్ని. పద్నాలుగేళ్లుగా, వేసవిలో రోజుకి నాలుగుసార్లు.

ఆ రోజు ఇటాలియనులు. "ఇప్పటికీ మూలుగుతాడు" అని నేననగానే ఆపి ఉన్న బస్సు ఎవరో బుజం పట్టి కుదిపినట్టు కదిలింది. పైన అరలో సంచులు జారాయి. వాళ్లంతా చప్పట్లు కొట్టారు. అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు.

నికీతాస్ అద్దంలోంచి నావైపు చూశాడు. "ఇంకోసారి చెప్పు, ఇంకోసారి ఊపుతాడేమో" అన్నాడు మా భాషలో. నవ్వుతూనే అన్నాడు కానీ, అతని చేతులు స్టీరింగు వదలలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మా అమ్మ సెవస్తి వాకిట్లో కూర్చుని కప్పారి మొగ్గలు ఏరుతోంది. రాళ్లసందుల్లో మొలిచే ఆ మొగ్గల్ని ఏడాదికి సరిపడా ఉప్పులో ఊరేస్తాం. డెబ్బై ఒకటో ఏట కూడా కళ్లజోడు లేకుండా ఏరేది.

"ఇక్కడ కదిలిందా అమ్మా?"

"కదిలింది. పిల్లి లేచి చూసి మళ్లీ పడుకుంది."

"నువ్వో?"

"నేను లేవను కూడా లేదు. ఇంత ఒళ్లు ఎత్తుకుని ఎక్కడికి పోతానే?"

గుమ్మం పైన సన్నగా ఒక బీట కనిపించింది నాకు. వెంట్రుకంత. పొద్దున్న లేదు. నేను చూడటం అమ్మ చూసి మళ్లీ మొగ్గల్లోకి వంగింది.

మా ద్వీపంలో ఇల్లు ఆడవాళ్లది. తల్లినుంచి పెద్దకూతురికి పోతుంది, ఆ కూతురినుంచి దాని పెద్దకూతురికి. కూతురి పెళ్లిరోజున తల్లిదండ్రులు సామాను సర్దుకుని వెనకగదిలోకి మారతారు, అల్లుడు తన బట్టలసంచీతో ముందు గుమ్మంలోంచి వస్తాడు. నా పెళ్లికి అమ్మా నాన్నా అలాగే మారారు. నాన్న ఆ వెనకగదిలోనే పోయాడు. అక్టోబరులో నా కూతురి పెళ్లి. దానికి మా అమ్మ పేరే పెట్టాం కానీ అందరూ వూలా అంటారు. పెళ్లికొడుకు పాండెలిస్ ఎదురుగా ఉన్న యాలి దీవిలో నీళ్లమీద తేలే తేలికరాయి తవ్వే గనిలో పనిచేస్తాడు. పెళ్లయితే నేనూ నికీతాస్ వెనకగదిలోకి, అమ్మ పెరట్లో ఉన్న మేకల కొట్టంలోకి. కొట్టానికి కిటికీ పెట్టించాను, నేల గచ్చు చేయించాను. ఇల్లంతా వూలాకి అప్పగించే రోజుకోసం రెండేళ్లుగా నేను చేయని పని లేదు. పొద్దున్న బస్సు, సాయంత్రం ఇల్లు, ఆదివారం కిటికీలకు రంగు.

"కోస్ నుంచి మావాడు మళ్లీ ఫోన్ చేశాడు" అన్నాడు నికీతాస్ భోజనాల దగ్గర. మావాడంటే అతని పినతండ్రి కొడుకు. కోస్ పట్నంలో బస్సులు చూసుకునే ఆఫీసులో ఉంటాడు. "డ్రైవరు కావాలట. వేసవి ఒక్కటే కాదు, ఏడాది పొడుగునా. చలికాలం నాలుగు నెలలు నేనిక్కడ గోళ్లు గిల్లుకుంటూ కూర్చోనక్కర్లేదు."

"మరి ఇల్లు?"

"ఇల్లు వూలాది అవుతుంది కదా. మనకేం పని?"

"వెనకగదిలో ఎవరుంటారు? అమ్మని ఎవరు చూస్తారు? కొత్త పెళ్లికూతురు ఒక్కతే ఇంత ఇల్లు ఎలా ఈదుతుంది?"

వూలా పళ్లెంలోంచి తల ఎత్తింది. "అమ్మా, నాకు చేతులున్నాయి. పాండెలిస్‌కీ ఉన్నాయి."

"ఉన్న చేతులతో తిను ముందు" అన్నాను.

అమ్మ మాత్రం రొట్టెముక్కతో పళ్లెం తుడుచుకుంటూ, ఎవరితోనూ కాకుండా, "కోస్‌లో నేల చదునుగా ఉంటుందట" అంది.

జూన్‌లో రోజుకి ఐదారుసార్లు కదలడం మొదలైంది. పెద్దగా కాదు. గాజుగ్లాసులు ఒకదానికొకటి తగిలేంత, కాఫీ మీద వలయాలు లేచేంత. కానీ అది ఆగేది కాదు. ఏథెన్స్ నుంచి శాస్త్రవేత్తలు వచ్చి బిలం అంచున నేల కదలికలు కొలిచే పెట్టెలు పాతి పెట్టారు. జనంకోసం బడి ఆవరణలో గుడారాలు వేశారు. మా ఊరు మండ్రాకిలో సగంమంది అక్కడికి చేరారు. నేనూ, నికీతాస్, వూలా ఒక గుడారంలో, కట్టుకున్న బట్టలతోనే పడుకునేవాళ్లం. అమ్మ రానంది.

"అందరూ వస్తున్నారు కదమ్మా."

"అందరి వెనకా పోయే వయసు అయిపోయింది నాకు. నాన్న ఉన్న గది అది. నన్ను వదిలెయ్."

దాంతో నాకు రెండిళ్లయ్యాయి. పొద్దున్నే గుడారంలోంచి ఇంటికి పరిగెత్తి అమ్మకి కాఫీ పెట్టడం, బస్సుకి పరిగెత్తడం, మధ్యాహ్నం పడవలు వెళ్లాక మళ్లీ ఇంటికి వచ్చి ఆ రోజు పుట్టిన బీటలు లెక్కపెట్టడం. ఏ పని చేస్తున్నా ఒక చెవి నేలమీద ఉండేది. మైకు పట్టుకున్నప్పుడు కూడా. రాక్షసుడి కథ దగ్గరకొచ్చేసరికి నవ్వించాల్సిన చోట నవ్వించడం మరిచిపోయేదాన్ని. ఒకసారి బిలం దగ్గర బెంచీమీద కూర్చుని, గంధకం వాసనలో, ఆవిరి బుసల మధ్య, ఎండలో అలాగే నిద్రపోయాను. ఒక జర్మను ఆవిడ నా మొహంమీద తన టోపీ పెట్టి వెళ్లింది. ఆ టోపీ తిరిగి ఇచ్చేలోపే వాళ్ల పడవ వెళ్లిపోయింది.

జూలై మధ్యలో కెప్టెన్ సావ్వాస్ రేవుమీదికి దిగి నా దగ్గరికి వచ్చాడు. కోస్ నుంచి రోజూ పర్యాటకుల్ని తెచ్చే పడవ అతనిది. అతను రాకపోతే మా బస్సుకి పని లేదు.

"థెమెలీనా, రేపట్నుంచి రాను. కోపం తెచ్చుకోకు."

"కోపం తెచ్చుకునే ఓపిక ఎవరికుంది కెప్టెన్?"

"టీవీలో మీ ద్వీపాన్ని చూపిస్తున్నారు. హోటళ్లలో ఎవరూ టికెట్టు తీసుకోవడంలేదు. ఇవాళ చూడు, ఎంతమందిని తెచ్చానో."

చూశాను. పడవలోంచి ఇద్దరు దిగారు. హాలండునుంచి వచ్చిన ముసలి దంపతులు. నలభై సీట్ల బస్సులో వాళ్లిద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు. మైకు తీయడం సిగ్గనిపించి మామూలుగానే మాట్లాడాను. మలుపు దగ్గర బస్సు ఆగింది. రాక్షసుడి గురించి చెప్పబోయి ఆగాను. కొండమీద ఎంబొరియోస్ కనిపిస్తోంది, కప్పుల్లేని గోడలు, వాటి మధ్య అంజూరపు చెట్లు.

"ఆ ఊళ్లో ఎవరూ ఉండరా?" అంది ఆవిడ.

"మా అమ్మ అక్కడే పుట్టింది. ఎనిమిదేళ్లప్పుడు పెద్ద భూకంపం వచ్చింది. అందరూ సముద్రం దగ్గరికి దిగిపోయారు."

"మరిప్పుడు మళ్లీ కదులుతోంది కదా. మీరెందుకు వెళ్లిపోరు?"

ఇటువంటి ప్రశ్నకి నా దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటుండేది, నవ్వుతూ చెప్పేది. ఈసారి దాన్ని పక్కన పెట్టాను.

"అక్టోబరులో మా అమ్మాయి పెళ్లి" అన్నాను.

నా ఇంగ్లీషు తడబడిందనుకుందో ఏమో, ఆవిడ నా చెయ్యి నిమిరి, "చాలా మంచి విషయం" అంది.

ఆగస్టు వచ్చింది. కొండకొమ్ము మీద గుహలో ఉన్న పనగీయా స్పిలియానీ మఠం మా ఊరి దిక్కు. మరియమాత పండుగకి ముందు తొమ్మిది రోజులు కొందరు ఆడవాళ్లు నల్లబట్టలు కట్టుకుని మఠంలోనే ఉండి, ఉపవాసాలు చేస్తూ, రోజుకి మూడు వందలసార్లు నేలమీదికి వంగి మొక్కుతారు. ఆ ఏడు ఎప్పుడూ లేనంతమంది ఆడవాళ్లు వెళ్లారు. నేల ఆగితే చాలని అందరి మొక్కూ. ఆరో తేదీ పొద్దున్న అమ్మ నల్లబట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నీ మోకాళ్ల సంగతి తెలిసే మాట్లాడుతున్నావా?"

"మోకాళ్లు నావే కదా."

"మొన్న గుడారంలోకి రమ్మంటే గది వదలనన్నావు. ఇప్పుడు తొమ్మిది రోజులు మఠంలో ఉంటావా?"

"అది భయపడి పోవడం. ఇది పనిమీద పోవడం."

ఏ పనో చెప్పలేదు. ఊరంతా చేసే మొక్కే అనుకున్నాను.

రోజు విడిచి రోజు మెట్లెక్కి నూనె లేకుండా ఉడకబెట్టిన చిక్కుళ్లు పట్టుకెళ్లేదాన్ని. ఐదోసారి కాబోలు, అమ్మ మఠం పిట్టగోడ నీడలో కూర్చుని ఉంది. మోకాళ్లు వాచి, నల్లలంగా కింద గుమ్మడిపిందెల్లా ఉన్నాయి. కింద మా ఇళ్ల కప్పులన్నీ కనిపిస్తున్నాయి.

"చూపించు" అన్నాను.

"ఏం చూస్తావు? మూడు వందలు అయ్యాయి ఇవాళ్టికి. నా పక్కనున్నామె రెండు వందల దగ్గర మోసం చేసింది, నేను చూశాను."

చిక్కుళ్లు తింటూ అంది, "పైన ఊరు వదిలిన రోజున మా అమ్మ ఇంటికి తాళం వేసింది."

"ఏ తాళం?"

"ఇంటి తాళమే. కప్పు కూలిపోయింది. వెనకగోడ లేదు. మేక కూడా వెనకనుంచి లోపలికి పోతోంది. మా అమ్మ మాత్రం ముందు తలుపు మూసి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసుకుని, తాళంచెవి నడుముకి కట్టుకుంది. నేను గాడిదమీద కూర్చుని చూస్తున్నా. నవ్వొచ్చింది నాకు. చిన్నదాన్ని కదా. తరవాత ముప్ఫై ఏళ్లు బతికింది ఇక్కడ, మన ఇంట్లో. ఏ రోజూ ఇక్కడ లేదు. వంట చేస్తుంటే పైన వంటిల్లు గురించే. వాన పడితే పైన చూరు గురించే. మా నాన్న ఆ కూలిన ఇంటి రాళ్లే గాడిదలమీద దింపించి ఈ ఇల్లు కట్టాడు, ఆమె ఊరుకుంటుందని. ఊరుకోలేదు."

"ఇదంతా ఇప్పుడెందుకమ్మా?"

"ఊరికే. మొక్కుతున్నప్పుడు గుర్తొచ్చింది." ఖాళీ గిన్నె నా చేతికిచ్చింది. "నీ కళ్లకింద చూడు ఎలా ఉందో. ఎవరైనా కొట్టారంటే నమ్ముతారు."

పదిహేనో తేదీ పండుగ ఎలాగో జరిగింది. మఠంనుంచి ఊళ్లోకి ఊరేగింపు, కొత్తిమీర దట్టించి వేయించిన శనగ గారెలు, బాదం షర్బతు, ముసలి ఆలివ్ మాను అంత లావుపాటి వయొలిన్ విద్వాంసుడు. తొమ్మిది రోజుల ఆడవాళ్లు నల్లబట్టలతో చేతులు పట్టుకుని ముందు తిరిగారు. అమ్మ కుంటుతూ తిరిగింది. ఆ రోజు నేల కదలలేదు. మర్నాడు కూడా కదలలేదు. ఆగస్టు చివరికి శాస్త్రవేత్తలు పెట్టెలు రెండు ఉంచి మిగతావి తీసుకెళ్లిపోయారు.

అప్పుడొచ్చారు ఇంజినీర్లు. ప్రతి ఇంటికీ వెళ్లి చూసి గుమ్మం పక్కన రంగు గుర్తు వేస్తారు. ఆకుపచ్చ అయితే ఉండొచ్చు. పసుపు అయితే బాగుచేసుకునేదాకా ఉండకూడదు. ఎరుపు అయితే ఇక ఆ ఇంట్లో కాలు పెట్టకూడదు. ఊళ్లో ఎవరు ఎదురుపడినా పలకరింపు ఒక్కటే అయింది. "మీదే రంగు?"

మా వంతు రావడానికి వారం గడువు దొరికింది. నికీతాస్‌ని కూర్చోనివ్వలేదు నేను. కనిపించిన ప్రతి బీటా సిమెంటుతో పూడ్పించాను, పైన రెండు చేతులు వెల్ల వేశాను. గుమ్మం పైది, కిటికీ మూలది, మెట్ల దగ్గరిది.

"ఇది ఇల్లు బాగుచేయడం కాదు థెమెలీనా" అన్నాడు నికీతాస్ నిచ్చెన మీదనుంచి. "ముసలావిడకి పౌడరు రాయడం."

"రాయి. ఒక్క ఆకుపచ్చ చుక్క పడనీ. పెళ్లి అవనీ. తరవాత ఏం చేయాలో చూద్దాం."

"తరవాత అన్నది నువ్వెప్పుడూ చూడలేదు."

"పైన మూల వదిలేశావు" అన్నాను.

ఇంజినీరు సెప్టెంబరు రెండో సోమవారం పొద్దున్న వచ్చాడు. లాంబ్రోస్ అని పేరు చెప్పాడు. ముప్ఫై దాటవు. గడ్డం చేసుకుని నాలుగు రోజులై ఉంటుంది. మూడు డబ్బాల రంగు, దారానికి కట్టిన గుండు, ఒక చిన్న సుత్తి. కాఫీ ఇస్తే నిలబడే తాగాడు. గోడలు సుత్తితో తట్టాడు, గుండు వేలాడదీసి చూశాడు.

"వెల్ల కొత్తగా వేసినట్టున్నారు" అన్నాడు.

"పెళ్లి ఇల్లు కదా బాబూ."

అతను నావైపు చూశాడు. అర్థమైందనే అనుకుంటాను. కానీ ఆ వారంలో అతను ఎన్ని ఇళ్లు చూశాడో, ఎంతమంది ఏడుపు విన్నాడో. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. "పై గోడలు బాగానే ఉన్నాయి. కిటికీ దగ్గరిది పైపైనే. ఆకుపచ్చ వేయొచ్చనే అనిపిస్తోంది, ఒకటి రెండు చోట్ల మాత్రం..." అంటూ డబ్బా మూత తీశాడు.

వూలా నా చెయ్యి పట్టుకుంది.

"ఇటు రా బాబూ" అంది అమ్మ.

మా ఇళ్లలో పెద్దగదిలో ఒకవైపు ఎత్తుగా చెక్క అరుగు ఉంటుంది. పైన పడక, కింద నూనెజాడీలు, ఉల్లిపాయలు. అమ్మ ఆ వాచిన మోకాళ్లతో నేలమీద కూర్చుని, అరుగు కిందినుంచి జాడీలు ఒక్కొక్కటే బయటికి లాగుతోంది.

"అమ్మా, ఏం చేస్తున్నావు? ఆయనకి టైము లేదు."

"నువ్వుండు."

ఆ మూలకి ప్రతి ఏటా ఈస్టర్‌కి ముందు అమ్మే వెల్ల వేసుకునేది. నన్ను ముట్టనిచ్చేది కాదు. జాడీలు తన లెక్కలో ఉంటాయనీ, నేను కదిలిస్తే కలగాపులగం అవుతుందనీ అనేది. ఇంట్లో ఒక్క మూలైనా తనది అనుకోవాలని ఉంటుందని నేనూ వదిలేశాను.

ఇంజినీరు పాక్కుంటూ కిందికి వెళ్లాడు. అమ్మ వంటింటి కత్తి అందించింది. వెల్ల పొర గీరుతున్న చప్పుడు వినిపించింది. పొర మీద పొర, ఇరవై ఏళ్ల పొరలు, పెచ్చులుగా రాలాయి. తరవాత చప్పుడు ఆగింది.

"చెయ్యి మణికట్టుదాకా పోతోంది" అన్నాడు అరుగు కిందినుంచి. ఇంకాస్త లోపలికి జరిగి, "అవతలనుంచి గాలి వస్తోంది" అన్నాడు.

బయటికి వచ్చి మోచేతులు దులుపుకున్నాడు. "ఇది ఈ ఏటిది కాదు పెద్దమ్మా."

"కాదు. మా థెమెలీనా పెళ్లికి ముందు చలికాలంలో ఒకసారి కదిలింది. అప్పటిది." నావైపు చూడకుండా చెప్పింది. "ఏటేటా కాస్త కాస్త వెడల్పయ్యేది. నేను గుడ్డపీలికలు కూరి వెల్ల వేసేదాన్ని. ఈ ఏడు గుడ్డపీలికలు లోపలికి పడిపోయాయి."

అతను ఆకుపచ్చ డబ్బా మూత పెట్టేశాడు. పసుపు డబ్బా వైపు కూడా పోలేదు చెయ్యి. గుమ్మం పక్కన, మొన్న నేను వేసిన తెల్లని వెల్ల మీద, ఎర్రరంగు అరచేయి అంత గుండ్రంగా పడి, కిందికి కారింది. "రెండు రోజుల్లో సామాను తీసేసుకోండి" అన్నాడు. "క్షమించండి" అని కూడా అన్నాడు, ఎవరితోనో తెలియలేదు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆగాను.

"నీకేం పట్టిందమ్మా? ఆకుపచ్చ వేస్తున్నాడు! మూత తీశాడు! నెలరోజుల్లో పెళ్లి పెట్టుకుని, నువ్వే నీ చేత్తో..."

"అరవకే. నా చెవులు బాగానే ఉన్నాయి."

"ఇరవై ఒక్క ఏళ్లు నన్ను ఆ గోడకింద పడుకోబెట్టావా? తెలిసి?"

"తెలిసే" అంది అమ్మ. "నాన్నకి కూడా చెప్పలేదు. పెళ్లికొడుకు వాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. అందరి కూతుళ్లకీ ఇల్లుంది, నా కూతురికి లేదని ఎలా చెప్పను? వెల్ల వేశాను. ఇచ్చాను." జాడీ మూతమీద దుమ్ము చేత్తో తుడిచింది. "మొన్న నువ్వు నిచ్చెన పట్టుకుని నిలబడి, ఇంకా పైన, ఇంకా పైన అని నికీతాస్‌ని అంటుంటే చూశాను. అచ్చం నాలాగే ఉన్నావు. నువ్వు దాన్ని వూలాకి ఇస్తావు. వూలా ఇంకోదానికి ఇస్తుంది. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు చెప్పాలి కదా. తొమ్మిది రోజులు అదే మొక్కాను, నోరు తెరిచే బలం ఇవ్వమని."

బయటికి వెళ్లి మెట్టుమీద కూర్చున్నాను. ఏడుద్దామనుకున్నాను, రాలేదు. అంత అలసటలో ఏడవడానికి కూడా ఎక్కడో బలం వెతుక్కోవాలి. వూలా వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మా, పాండెలిస్ వాళ్ల నాన్న పాలీ ఊళ్లో రెండు గదులు కట్టాడు కదా, పడవల సామానుకని" అంది భయం భయంగా. "కొత్త సిమెంటు. మేం అక్కడ ఉంటాం. నేను ఎప్పుడో అడుగుదామనుకున్నాను. నువ్వు కిటికీలకు రంగు వేస్తున్నావని అడగలేదు."

నేను దాని మొహం వైపు చూశాను. రెండేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని అడగలేదని అప్పుడు తట్టింది నాకు.

పెళ్లి అక్టోబరులోనే జరిగింది. ఆడపిల్ల తన బట్టలసంచీ పట్టుకుని మొగుడింటికి వెళ్లడమేమిటని ఊరు ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. "కాలం తలకిందులైంది" అంది మఠంలో మొక్కులు మోసం చేసినావిడ. "నీ లెక్కలాగా" అంది అమ్మ.

అమ్మతో నేను మూడు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. కాఫీ ఇచ్చేదాన్ని, గుడారంలో పక్క వేసేదాన్ని, అంతే. ఆమె కూడా మాట్లాడించలేదు. ఒకరోజు సామాను కట్టలు కడుతుంటే తాడు ఇంకో కొస తనే వచ్చి పట్టుకుంది. "గట్టిగా లాగు" అంది. లాగాను. అలా మొదలైంది మళ్లీ.

నవంబరులో కోస్‌కి మారాం. నికీతాస్‌కి పట్నం బస్సు, మూడో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. అమ్మకి లిఫ్టు అంటే భయం, మెట్లంటే మోకాళ్లు. అయినా వస్తానంది. బయలుదేరిన రోజున, ఖాళీ ఇంటి గుమ్మం దగ్గర ఆమె ఏం చేస్తుందోనని కనిపెట్టి చూశాను. తలుపు బార్లా తెరిచి వదిలేసి, వెనక్కి చూడకుండా రేవు వైపు నడిచింది. పడవలో సావ్వాస్ కుర్చీ వేస్తే కూర్చుని, "నీ పడవ ఊగుతోందేం?" అని కసురుకుంది. "సముద్రం అవ్వా, అది ఊగుతుంది" అన్నాడతను. "సముద్రమైతే సరే" అంది.

కోస్‌లో మొదటి ఆదివారం నాకు మెలకువ వచ్చేసరికి గది నిండా ఎండ. ఎంత పొద్దయిందో తెలియలేదు. వంటింట్లో చప్పుడు లేదు. బయట తలుపు దగ్గరనుంచి మాటలు వినిపిస్తున్నాయి. కుళాయి బాగుచేసేవాడు వచ్చాడు. అమ్మ గుమ్మం బయట నడవాలో కుర్చీ వేసుకుని దారికడ్డంగా కూర్చుని ఉన్నట్టుంది.

"లోపలికి వెళ్లకు బాబూ. మా అమ్మాయి పడుకుంది."

"పన్నెండైంది అవ్వా!"

"అవనీ. మళ్లీ రా."

"మళ్లీ ఎప్పుడు రావాలి?"

"అది లేచాక."

"ఎప్పుడు లేస్తారు?"

"నాకేం తెలుసు?" అంది అమ్మ. "చాలా రోజుల నిద్ర అది."

లేచాను, లోపలికి రానివ్వమని నేను చెప్పొచ్చు. చెప్పలేదు. గోడవైపు తిరిగి, దుప్పటి తలమీదికి లాక్కుని, మళ్లీ పడుకున్నాను.